పువ్వు అడిగితే కొమ్మ

మా మామ్మ ఎవరికీ పువ్వు ఇచ్చేది కాదు. అడిగితే కొమ్మ ఇచ్చేది.

"పువ్వు ఇస్తే రేపు పొద్దున్న మళ్ళీ వచ్చి నిలబడతారు. కొమ్మ ఇస్తే ఇక రారు" అనేది. ఇందులో దానగుణం ఎంత, లోభం ఎంత అని చాలా ఏళ్ళు ఆలోచించాను. లోభమే ఎక్కువని ఇప్పటికీ నా అనుమానం. ఆ లోభం పుణ్యమా అని మా వీధిలో సగానికి పైగా ఇళ్ళలో మా నందివర్ధనం పిల్లలే పెరిగాయి.

శ్రీకాకుళం జిల్లాలో సోంపేట నుంచి బారువ వెళ్ళే దారిలో, రోడ్డు దిగి కాస్త లోపలికి నడిస్తే మా ఊరు. మా ప్రాంతం పేరు ఉద్దానం. ఉద్దానం అంటే ఉద్యానవనమే అని పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆ మాటకు తగ్గట్టే ఇంటి వెనక కొబ్బరి, కొబ్బరి నీడన పనస, గట్టు వెంబడి జీడిమామిడి. మబ్బు లేని రోజున మహేంద్రగిరి నీలంగా కనిపించేది. రాత్రి అన్నాలయ్యాక గాలి తూర్పుకు తిరిగితే సముద్రం హోరు మంచం దాకా వచ్చేది. నేల మాత్రం ఒట్టి ఇసుక. బిందెడు నీళ్ళు పోస్తే చూస్తూ ఉండగానే ఇంకిపోతాయి. మా మేనత్త విశాఖపట్నం నుంచి ముచ్చటపడి తెచ్చిన గులాబీలు రెండో వేసవి చూడలేదు. వాటికి చేపలు కడిగిన నీళ్ళు పోశారు, పెంట వేశారు, కొబ్బరి మట్టలతో నీడ కట్టారు. అయినా పోయాయి.

నూతి పక్కనున్న నందివర్ధనానికి ఏ సేవా లేదు. బియ్యం కడిగిన నీళ్ళు దాని మొదట్లో పారబోసేవాళ్ళం, అంతే. అది ఎక్కడినుంచో ఓడెక్కి వచ్చిన మొక్క కాదు, మన దేశపు మొక్కే. ఇక్కడి ఎండ, వాన, గాలి దానికి కొత్త కాదు. ఆకులు ఏడాది పొడుగునా ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడుతూ ఉండేవి. మేకలు కూడా దాని జోలికి వచ్చేవి కావు. ఎక్కడ తుంచినా తెల్లటి పాలు కారతాయి కదా, ఆ చేదు వాటికి తెలుసు. పూలు కోసే పని నాది. ఆ పాలు వేళ్ళకు జిగురుగా అంటుకునేవి, గౌనుకు తగిలితే గోధుమరంగు మచ్చ పడేది, ఆ మచ్చ గౌను చిరిగేదాకా పోయేది కాదు. నా చిన్ననాటి గౌన్లన్నిటికీ పొట్ట దగ్గర ఆ మచ్చలే.

పూలు తెల్లవారకముందే కోయాలి. మొగ్గ మెలితిప్పిన వత్తిలా ఉంటుంది. విచ్చుకున్నాక ఐదు రెక్కలు, ఒక్కో రెక్క ఒకే వైపుకు వంగి, పిల్లలు కాగితంతో చేసుకునే గాలిమర లాగా ఉంటుంది. అసలు మేము దాన్ని గాలిమరగానే వాడేవాళ్ళం. చీపురుపుల్ల కొసను పువ్వు గొట్టంలో దూర్చి ఊదితే తిరుగుతుంది. నాలుగైదు ఊదులకే రెక్క ఊడిపోతుందనుకోండి. మంచు కురిసే రోజుల్లో రెక్కలన్నీ కలిసే ఆ నడుమ పసుపుపచ్చని చోట ఒక్క నీటిచుక్క నిలిచేది. ఆ చుక్క పడిపోకుండా పువ్వు తుంచి, నూతి చుట్టూ నడిచి, దేవుడి గది దాకా తీసుకెళ్ళడం నాకొక పందెం. ఎవరితో అని అడగకండి, నాతో నాకే.

మాది రేక నందివర్ధనం. ముద్ద నందివర్ధనం అంటే మామ్మకు చిన్నచూపు. "అది పువ్వా, నలిపి పారేసిన గుడ్డముక్కా?" అనేది. చుట్టుపక్కల వాళ్ళకు ముద్ద పువ్వే గొప్ప, దండ నిండుగా కడుతుంది కదా. పైగా ముద్దకు రాత్రి పూట మంచి వాసన. మామ్మ ఈ వాదనలేవీ వినేది కాదు. తన పక్షాన ఆమె చూపే సాక్ష్యం ఒకటే, కాయ. రేక నందివర్ధనానికి ఎప్పుడో ఒకసారి కాయ కాస్తుంది. నేను నా చిన్నతనంలో రెండుసార్లే చూశాను. జంటగా, చెరొక వైపు వంగి, అచ్చం ఎద్దు కొమ్ముల్లా ఉంటాయి. పండితే నారింజరంగుకు తిరిగి, పగిలి, లోపల ఎర్రటి గుజ్జు కనిపిస్తుంది. "నంది కొమ్ములు చూశావా? అందుకే దీని పేరు నందివర్ధనం" అని మామ్మ చెప్పింది. బళ్ళో తెలుగు మాస్టారిని అడిగితే, నంది అంటే ఆనందం, ఆనందాన్ని పెంచేది కనుక నందివర్ధనం అన్నారు. ఇంటికొచ్చి చెప్పాను. మామ్మ కాసేపు ఆలోచించి, "ఆయన కాయ చూసి ఉండరు" అంది.

ఇక కొమ్మ సంగతి. ఎవరు వచ్చి అడిగినా అప్పటికప్పుడు తుంచి ఇచ్చేసేది కాదు. మృగశిర కార్తె దాకా ఆగమనేది. జూన్ మొదటి వారం దాటి, నేల ఒకసారి తడిశాక, పిలిచి మరీ ఇచ్చేది. పెన్సిలు కంటే కాస్త లావుగా ఉన్నది, మరీ లేతగా కాక, మరీ ముదురుగా కాక, జానెడు పొడవున కోసేది. పైన రెండు ఆకులు ఉంచి మిగతావి తుంచేసేది. కోసిన చోట కారే పాలు నీళ్ళలో ముంచి కడిగి, రాత్రంతా నూతిగట్టు నీడన ఆరనిచ్చేది. పై కొసకు ఆవుపేడ ముద్ద పెట్టేది, కొస ఎండిపోకుండా. కింది కొసను ఏటవాలుగా కోసేది. ఇదంతా అయ్యాక పట్టుకెళ్ళేవాళ్ళకు ఒకటే ఆజ్ఞ, "నెలరోజులు దాన్ని కదిపి చూడకండి." వేళ్ళు వచ్చాయో లేదో అని పీకి చూసే జనం అప్పుడూ ఉండేవారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ జనంలో నేనూ ఉన్నాను, ఆ సంగతి తర్వాత చెబుతాను.

మామ్మ కొమ్మకు లొంగని మనిషి ఊళ్ళో ఒక్కరే ఉండేవారు. రిటైరైన బడి మాస్టారు. తెలుగు మాస్టారు కాదు, ఈయన లెక్కలు చెప్పేవారు. తెల్లవారుజామున నాలుగింటికే స్నానం చేసి, ఒళ్ళంతా విభూది పూసుకుని, చేతిలో గొడుగుతో బయలుదేరేవారు. వాన లేకపోయినా గొడుగే. ఎందుకంటే దాని వంకీ పిడితో దడి మీదుగా మా కొమ్మలు వంచడం సులువు. ఆయన వెళ్ళిపోయాక దడి బయట ఆకులు రాలి ఉండేవి, దడికి ఇవతల పూలు ఉండేవి కావు.

ఒకరోజు మామ్మ కాపు కాసి పట్టుకుంది.

"మాస్టారూ, కొమ్మ ఇస్తాను. పట్టుకెళ్ళి మీ గుమ్మంలో పాతుకోండి. ఈ చీకట్లో పురుగూ పుట్రా ఉంటాయి, మీకెందుకీ శ్రమ?"

"కొమ్మ పూసేదాకా శివుడు పూజ లేకుండా కూర్చుంటాడా అమ్మా?"

"అందాకా ఇంకెక్కడైనా కోసుకోండి."

"ఎవరి పెరట్లో పూసినా పువ్వు శివుడిదే కదా."

మామ్మ ఇంకేమీ అనలేదు. ఆ సాయంత్రం నన్ను మాస్టారి పెరట్లోకి పంపి పండిన బొప్పాయి ఒకటి కోయించింది. మర్నాడు ఆయన వచ్చి అడిగితే, "ఎవరి పెరట్లో పండినా శివుడిదేగా మాస్టారూ, నైవేద్యం పెట్టాను" అంది. ఆయన నవ్వారు. అయినా కొమ్మ పట్టుకెళ్ళలేదు. పూలు కోయడమూ మానలేదు. మామ్మ చివరిదాకా ఆయన్ని తిడుతూనే, తెల్లవారుజామున దడి వైపు కిటికీ రెక్క మాత్రం తెరిచేది కాదు.

మామ్మ తన పూలను పూజకు కాక మరొక్క పనికే వాడేది. కాటుకకు. ఏడాదికి ఒకసారి, ఎక్కువగా మాఘమాసంలో. ఆ రోజు పూలు దేవుడికి తక్కువ, రోటికి ఎక్కువ. గుప్పెళ్ళకొద్దీ పూలు రోట్లో మెత్తగా నలిపి, పల్చటి గుడ్డలో వేసి పిండితే రసం వస్తుంది. అందులో ఉతికిన పాత పంచె ముక్కను తడిపి నీడన ఆరేసేది. ఎండలో వేయకూడదట, గుణం పోతుందట. ఆరాక మళ్ళీ తడపడం, మళ్ళీ ఆరేయడం. మూడుసార్లు అయ్యేసరికి గుడ్డ గంజి పెట్టినట్టు బిరుసెక్కేది. దాన్ని చీల్చి వత్తులు చేసి, ప్రమిదలో ఆముదం పోసి, మంట చిన్నగా వెలిగించేది. ప్రమిదకు అటూ ఇటూ రెండు ఇటుకలు, వాటి మీద బోర్లించిన ఇత్తడి పళ్ళెం. నడవలో, గాలి తగలని మూల. నేను పక్కనే పడుకుని, మంట పళ్ళేన్ని తాకి రెండుగా చీలడం చూస్తూ చూస్తూ నిద్రపోయేదాన్ని.

పొద్దున్న పళ్ళెం తిరగేస్తే నల్లటి పట్టుగుడ్డ పరిచినట్టు మసి. ఊపిరి బిగబట్టి చూడాలి, గట్టిగా గాలి వదిలితే ఎగిరిపోతుంది. కొబ్బరి ఈనెతో నెమ్మదిగా గీకి, కాస్త వెన్న వేసి నూరి, ఇత్తడి భరిణెలో పెట్టేది. ముందు నా కంటికి, తర్వాత తన కంటికి. మిగిలింది ఇరుగుపొరుగు పసిపిల్లలకు. కాటుక ఇవ్వడానికి ఆమెకు ఏ అభ్యంతరమూ ఉండేది కాదు. ఇచ్చే మనసు ఉందనీ, పువ్వు దగ్గరే పేచీ అనీ నాకు అప్పుడు తట్టలేదు.

కళ్ళకలక వచ్చినా అదే వైద్యం. మంచుతడితో ఉన్న పూలు మూసిన రెప్పల మీద పరిచి, కదలకుండా పడుకోమనేది. చల్లగా, హాయిగా ఉండేది. ఇప్పుడు మా మనవడికి ఈ రెండూ చేయనివ్వరు. నేనూ అడగను. మసి, ఆ పాలచుక్క కంట్లో పడాల్సినవి కావు. ఆ హాయి మాత్రం నిజం, దాన్ని కాదనలేను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, వానాకాలంలో, ఆ చెట్టు మీద ఒక పురుగును చూసి నూతిలో పడబోయాను. ఆకు కోసం చెయ్యి చాచాను, ఆకు పక్కనున్న ఆకు నన్ను చూసింది. నా మధ్యవేలంత పొడవు, దాని రెండింతల లావు. ఒళ్ళంతా ఆకుపచ్చ, పక్కల వెంబడి తెల్లటి చుక్కలు, తోక దగ్గర చిన్న ముల్లులాంటి కొమ్ము. తలకు కాస్త వెనకగా రెండు కళ్ళు, నీలంగా, నడుమ తెల్లగా, చుట్టూ నల్లటి అంచుతో. పుల్లతో ముట్టుకుంటే అసలు తలను లోపలికి ముడుచుకుంది, ఆ కళ్ళు ఇంకా పెద్దవయ్యాయి. అవి కళ్ళు కావని, పిట్టల్ని బెదిరించే మచ్చలని తర్వాత తెలిసింది. అప్పటికి పిట్ట సంగతేమో గాని నేను బెదిరిపోయాను.

మామ్మ మాత్రం బెదరలేదు. "చంపితే పాపం, ఉంచితే చెట్టుకు ఆకు ఉండదు" అంటూ, అది కూర్చున్న ఆకును కొమ్మతో సహా తుంచి, వీధి వైపు దడి వెంబడి ఉన్న ఎర్ర గన్నేరు మీద పెట్టి వచ్చింది. ఏటా అంతే. కొన్ని పురుగులు గన్నేరు ఆకు అందుకుని తినడం మొదలుపెట్టేవి. కొన్ని దిగి ఎటో పోయేవి. ఒకదాన్ని మాత్రం నేను దాచాను. గాజుసీసాలో ఇసుక, ఎండుటాకులు వేసి, మూతకు కాగితం కట్టి చిల్లులు పొడిచాను. రోజూ రెండు పూటలా ఆకులు వేస్తే నిమిషాల్లో ఈనె మిగిల్చేది. నాలుగో రోజున పచ్చరంగు పోయి మట్టిరంగుకు తిరిగింది. చచ్చిపోతోందని ఏడ్చాను. అది ఆకుల కిందికి దూరి గోధుమరంగు కాయలా అయిపోయింది. ఇంకో రెండు వారాలకు కాబోలు, ఒక సాయంత్రం సీసాలో టపటపమని చప్పుడు. రెక్కల మీద ఆకుపచ్చ, తెలుపు, లేత గులాబీ కలగలిసి, పాలరాయి మీద చారల్లా ఉన్నాయి. కాగితం విప్పగానే దీపం వైపు కాదు, తిన్నగా చీకట్లోకి పోయింది.

శ్రీకాకుళంలో డిగ్రీ చదివేటప్పుడు వృక్షశాస్త్రం తరగతిలో ఈ మొక్క వచ్చింది. లినేయస్ 1753లో దీనికి పేరు పెట్టినప్పుడు గన్నేరు ప్రజాతిలోనే చేర్చాడు, నీరియం డైవారికేటం అని. తర్వాతివాళ్ళు దాన్ని టాబర్నిమోంటానాలోకి మార్చారు. నోరు తిరగని ఆ పేరు పాతకాలపు జర్మన్ వైద్యుడొకరిది. డైవారికేటా అన్న మాట మాత్రం అలాగే ఉంచారు, కొమ్మలు చీలి పక్కలకు విచ్చుకునేది అని అర్థం. గన్నేరు, దేవగన్నేరు, జిల్లేడు, నందివర్ధనం అన్నీ ఒకే కుటుంబమని మేడమ్ బోర్డు మీద రాస్తుంటే, పురుగు ఉన్న ఆకును పట్టుకుని దడి వైపు నడిచే మామ్మే కళ్ళ ముందు మెదిలింది. సెలవులకు వెళ్ళినప్పుడు ఈ సంగతి చెప్పాను. "పురుగుకు తెలిసిన సంగతికి మీకు కాలేజీ ఎందుకే అమ్మడూ?" అంది.

కార్తీకంలో ఒక సోమవారం మామ్మ నన్ను రావివలస తీసుకెళ్ళింది. టెక్కలి దగ్గర ఎండల మల్లికార్జునస్వామి. పైకప్పు లేని దేవుడు. ఎంత ఎండైనా, వానైనా ఆయన అలాగే ఆరుబయట ఉంటాడు. అంత పెద్ద లింగాన్ని నేను అంతకుముందు చూడలేదు. తెల్లవారుజామునే కోసిన పూలను తడిగుడ్డలో చుట్టి, అరటి దొప్పలో పెట్టుకుని, సోంపేటలో పాసింజరు ఎక్కి నౌపడాలో దిగి, అక్కడినుంచి బస్సు. జనం కొండలా ఉన్నారు. మా వంతు వచ్చేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. మామ్మ గుడ్డ విప్పింది. పైపూలు బాగానే ఉన్నాయి, అడుగువి మాత్రం అంచులు గోధుమరంగెక్కి వాడిపోయాయి. నందివర్ధనం ఎండను చెట్టు మీద భరిస్తుంది, కోశాక భరించలేదు. మామ్మ వాడినవి ఏరి పక్కన పెట్టకుండా అన్నీ కలిపే వేసింది. తిరిగొచ్చేటప్పుడు, "ఆయన కోరుకున్న ఎండే కదా, ఆయనకు తెలియదా?" అంది. నాతో కాదు, కిటికీతో.

నా పెళ్ళి, ఉద్యోగం, విజయనగరం. ఇవన్నీ అందరికీ జరిగేవే. మామ్మ 2001లో పోయింది. ఆఖరి నెలల్లో చూపు సరిగా ఆనేది కాదు. పూల సజ్జ ముందు పెడితే వేలితో తడిమి, "ఇవాళ పద్దెనిమిదే, మాస్టారు వచ్చారా?" అని అడిగేది. మాస్టారు అంతకు మూడేళ్ళ ముందే కాలం చేశారు. ఆ సంగతి ఆమెకు ఎవరమూ గుర్తు చేయలేదు.

చెట్టు చిన్నాన్న చేతికి వచ్చింది. ఆయనకు మొక్కల పిచ్చి లేదు, విరోధమూ లేదు. 2013లో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు చెట్టు ఒక పక్కకు ఒరిగిపోయింది. ఆయన ఒక కర్ర పాతి, కొబ్బరితాడుతో కట్టి, మర్చిపోయారు. అది ఆ ఒరిగిన భంగిమలోనే పూసింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. నవరాత్రులు మొదలైన మర్నాడే, తెల్లవారుజామున, వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. రెండు రోజులదాకా చిన్నాన్న ఫోను కలవలేదు. కలిశాక ఆయన అన్న మొదటి మాట, "ఇల్లు ఉంది, తోట లేదమ్మా." పది రోజుల తర్వాత వెళ్ళాను. పలాస దాటిన దగ్గర్నుంచి బస్సులో ఎవరూ మాట్లాడలేదు. కొబ్బరిచెట్లు కొన్ని వేళ్ళతో లేచిపోయాయి, కొన్ని నడుముకు విరిగి మొండాలుగా నిలబడ్డాయి. జీడిమామిడి తోటలు దువ్వెనతో ఒకే వైపుకు దువ్వినట్టు పడి ఉన్నాయి. మా ఊరికి అంతకుముందు ఎప్పుడూ అంత ఆకాశం ఉండేది కాదు. తోట మధ్య నిలబడితే బారువ వైపు సముద్రపు గాలి నేరుగా ముఖానికి కొట్టింది.

తాతయ్య నాటిన పనస నూతి మీదుగా పడింది. దాని కింద నందివర్ధనం. మొద్దులు కోసి తీయడానికి ట్రాక్టరు రావాలి, ట్రాక్టరు రావాలంటే దారి కావాలి. ఆ దారిలో నలిగిన పొదను మొదలంటా పెకలించేశారు. మొదలు మిగిలి ఉంటే మళ్ళీ చిగురించేదని నాకు తెలుసు. ఆ మాట పైకి అనలేదు. నలభై ఏళ్ళు కాపు కాసిన కొబ్బరిచెట్లు నూట ముప్ఫై పోయిన మనిషి దగ్గర పూలపొద ప్రస్తావన తేవడానికి నోరు రాలేదు.

ఆ మరుసటి ఏడు మృగశిరకు కొమ్మ కోసం వెళ్ళాను. ఎక్కడినుంచైనా దొరుకుతుందనే ధీమా, మామ్మ అంతమందికి ఇచ్చింది కదా. ఒక ఇంట్లో పెరడంతా గచ్చు చేయించేశారు. ఇంకో ఇంట్లో గాలివానకు పోయిందన్నారు. మూడో ఇంట్లో ఉంది, చూస్తే ముద్ద నందివర్ధనం. "మీ మామ్మగారు ఇచ్చిందే" అని ఆవిడ గట్టిగా చెప్పింది. మామ్మ వింటే ఏమనేదో అనుకుని నవ్వు ఆపుకున్నాను. అలా పదిళ్ళు తిరిగి, ఇక బస్సుకు వేళయిందనుకుని వస్తుంటే, మాస్టారి ఇంటి గేటు పక్కన గోడ చాటున గాలిమరలు. రేకవే.

మాస్టారి కోడలు బయటికి వచ్చింది. నేనెవరో చెప్పుకున్నాను.

"ఇది మామయ్యగారు నాటిందండి" అంది.

"మా మామ్మ ఇచ్చిన కొమ్మ అయుంటుంది."

ఆవిడ కాస్త తటపటాయించింది. "మీ మామ్మగారు ఇవ్వలేదండి. ఇస్తానన్నా తీసుకోలేదట, మాట పడాల్సి వస్తుందని. ఒకరోజు గొడుగుతో వంచుతుంటే కొమ్మే విరిగి చేతిలోకి వచ్చిందట. దాన్ని అక్కడ పారేస్తే దొరికిపోతానని ఇంటికి తెచ్చి, గోడ చాటున పాతారట. పోయేముందు మా ఆయనతో చెప్పారు."

అంటే ఇక్కడ సొంత చెట్టు పూస్తూ ఉండగానే ఆయన మా పూలకు వచ్చేవారన్నమాట. ఈ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు.

మూడు కొమ్మలు ఇచ్చింది. బస్సు దొరకలేదు, వాళ్ళింట్లోనే భోజనం చేశాను.

విజయనగరంలో మాది మూడో అంతస్తు. మొదటి కొమ్మ మంచి ఎండలో పెట్టి చంపాను. రెండోదాన్ని వేళ్ళు వచ్చాయేమోనని పన్నెండో రోజున పీకి చూశాను, ముందే ఒప్పుకున్నానుగా. సన్నటి తెల్లటి బొడిపెలు రెండు కనిపించాయి, మళ్ళీ పాతాను, ఎండిపోయింది. మూడోదాన్ని మా ఆయన గట్టు చివర, చెయ్యి అందనిచోట పెట్టి, నన్ను ముట్టుకోవద్దన్నారు. అది బతికింది. 2020 వేసవిలో, ఎవరూ గడప దాటని రోజుల్లో, మొదటి పువ్వు పూసింది. ఎదురింటావిడ చూసి, దేవుడికి ఒకటి ఇస్తారా అని అడిగింది. ఇచ్చాను. మర్నాడు పొద్దున్న ఆరింటికి మళ్ళీ తలుపు కొట్టింది. ఇప్పుడు ఆవిడ ఇంట్లోనూ ఒక కుండీ ఉంది.

ఉద్దానపు ఇసుకలో పుట్టిన మొక్కకు కుండీ మట్టి కాస్త బరువే. అడుగున ఇటుక ముక్కలు వేసి, మట్టిలో మూడోవంతు ఇసుక కలిపితే కుదుటపడింది. ఆకుల అడుగున పిండినల్లి పడుతుంది, సబ్బునీళ్ళతో తుడుస్తాను. బియ్యం కడిగిన నీళ్ళు మానలేదు.

మొన్న వానలు మొదలయ్యాక ఒక పొద్దున్న చూస్తే రెండు కొమ్మలకు ఆకులు లేవు, ఈనెలు మిగిలాయి. వెతికాను. కింద గచ్చు మీద మిరియాల్లాంటి నల్లటి రెట్టలు, వాటికి సరిగ్గా పైన, ఆకు అడుగున, ఆ నీలి కళ్ళు. ఆ తల్లి ఎక్కడినుంచి వచ్చి, ఇన్ని ఇళ్ళ మధ్య ఈ ఒక్క కుండీని ఎలా పట్టుకుందో. చంపలేను. ఉంచితే నా చెట్టుకున్నవే నలభై ఆకులు. మాకు దగ్గరలో గన్నేరు ఉన్నది ఒక్కచోటే, పెద్దరోడ్డు నడుమ డివైడర్ మీద.

ఆకుతో సహా తుంచి, స్టీలు గిన్నెలో పెట్టుకుని, మూడంతస్తులు దిగాను. నడకకు వచ్చినవాళ్ళు ప్రసాదమేమో అని గిన్నెలోకి తొంగిచూశారు. రెండు లారీలు పోయేదాకా ఆగి, రోడ్డు సగం దాటి, గన్నేరు కొమ్మ వంచి ఆకు గుచ్చాను. అది కాసేపు తల ఎత్తి ఊగింది, తర్వాత గన్నేరు ఆకు అంచు పట్టుకుంది.

మోకాళ్ళు పట్టుకుని పైకి వచ్చి చూస్తే, కుండీలో ఇంకోటి ఉంది.